ఫ్యాను తిరిగితే పని అయిపోయినట్టేనా?

ఇంటికి కరెంటు మిస్త్రీ వస్తాడు. గీజరుకు కొత్త ప్లగ్ పాయింటు పెడతాడు. స్విచ్ వేయగానే ఎర్ర లైటు వెలుగుతుంది, కాసేపటికి నీళ్లు వేడెక్కుతాయి. మనం సంతోషంగా డబ్బులిచ్చి పంపేస్తాం. ఆ పని సరిగ్గా జరిగిందా అని మనం చూసిన పరీక్ష ఒక్కటే: పరికరం పనిచేస్తోందా, లేదా?

ఎర్త్ తీగ అసలు కలపకపోయినా గీజరు పనిచేస్తుంది. సన్నటి తీగ వేసినా పనిచేస్తుంది. స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌లో పెట్టినా పనిచేస్తుంది. రక్షణ ఏర్పాటు ఉందో లేదో మామూలు రోజుల్లో తెలియదు. ఏదో ఒకటి చెడిపోయిన రోజునే తెలుస్తుంది. అందుకే నా అభిప్రాయం ఇది: మిస్త్రీ పనితనాన్ని తప్పుపట్టే ముందు, మనం అతన్ని ఏ పనికి పిలుస్తున్నామో చూసుకోవాలి. వెలుగుకు డబ్బిస్తున్నాం గాని, రక్షణను కొలిచి చూపించమని అడగడం లేదు.

ఈ మాట ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ రైల్వే పట్టణానికి వచ్చి స్థిరపడ్డాయి. ఇక్కడ పట్టాల పైనున్న తీగలో 25,000 వోల్టులుంటాయి. ఆ తీగ మీద పని చేయాలంటే ముందు కంట్రోలరు సరఫరా ఆపాలి. రాతపూర్వకంగా అనుమతి రావాలి. పనిచేసే చోటికి రెండు వైపులా తీగను రాడ్లతో ఎర్త్ చేయాలి. "కరెంటు పోయిందిలే" అన్న నోటి మాటతో తీగ మీద చెయ్యి వేయడానికి ఎవరికీ వీల్లేదు.

ఇంత క్రమశిక్షణ తెలిసిన ఊళ్లో కూడా ఇంటి గడప దాటి లోపలికి రాగానే ఆ జాగ్రత్త బయటే ఉండిపోతుంది. ఫ్యూజు పోతే చేతికందిన రాగి పోగు చుట్టేస్తాం. "230 వోల్టులే కదా" అనుకుంటాం. కాని ప్రాణం తీసేది శరీరం గుండా పోయే కరెంటు. తడి చేతుల మనిషి నిరోధం సుమారు 1,000 ఓములు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర 230 మిల్లీఆంపియర్లు పోతాయి. పది, పదిహేను మిల్లీఆంపియర్లకే పట్టుకున్న చెయ్యి వదలలేని స్థితి వస్తుంది. ఆ పైన ఊపిరి, గుండె లయ తప్పుతాయి. బోర్డులోని 16 ఆంపియర్ల ఎంసీబీ మాటేమిటి? 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీఆంపియర్లు. 230 దాని లెక్కలోకే రాదు. ఎంసీబీ ఉన్నది తీగ మాడిపోకుండా చూడటానికి. మనిషిని కాపాడటం దాని పని కాదు.

ఎర్ర నేలలో ఎర్త్

మరి ఎర్త్ ఉంది కదా అంటారు. ఇక్కడే ఖరగ్‌పూర్ నేల గురించి ఆలోచించాలి. ఈ ప్రాంతమంతా లాటరైట్, అంటే ఎర్రటి మొరం నేల. నీరు త్వరగా ఇంకిపోతుంది. చైత్ర వైశాఖాల ఎండకు పైపొర గట్టిపడి పొడిబారుతుంది. నేలలో తేమ తగ్గితే ఎర్త్ నిరోధం పెరుగుతుంది. వానాకాలంలో బాగున్న ఎర్త్ గుంట వేసవిలో పేరుకే మిగలవచ్చు.

ఒక లెక్క వేద్దాం. ఇంటి ఎర్త్ నిరోధం 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ నిరోధం 2 ఓములు అనుకుందాం. ఫ్రిజ్ లోపల ఫేజు తీగ ఒరిసి రేకుకు తగిలింది. అప్పుడు ఎర్త్ గుండా పోయే కరెంటు 230ని 22తో భాగిస్తే వచ్చేది, అంటే దాదాపు పదిన్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడిపోదు. ఫ్రిజ్ రేకు మీద మాత్రం 200 వోల్టులకు పైగా అలాగే నిలిచి ఉంటుంది. ఎర్త్ తీగ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా తలుపు పట్టుకున్న పిల్లకు రక్షణ లేదు.

ఎర్త్ గుంట తవ్వే ఖర్చు తప్పించుకోవడానికి కొన్ని చోట్ల ఇంకో పని చేస్తారు. సాకెట్ లోపల ఎర్త్ పిన్నును చిన్న తీగతో న్యూట్రల్‌కు కలిపేస్తారు. టెస్టరు పెడితే అంతా బాగానే కనిపిస్తుంది. కాని గాలివానకు బయట న్యూట్రల్ తీగ తెగిందనుకోండి. ఇంట్లో వేసి ఉన్న బల్బు గుండా వచ్చిన ఫేజు, న్యూట్రల్ మీదికి, అక్కడి నుంచి ప్రతి ఇనప పరికరం రేకు మీదికి చేరుతుంది. కాలవైశాఖి గాలులు ఏటా వచ్చే ఊళ్లో న్యూట్రల్ తెగడం ఊహకందని సంగతేమీ కాదు.

ఈ ఖాళీని పూరించేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం చూస్తుంది. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే, ఎక్కడో కరెంటు దారి తప్పి నేలకు పోతోందని గ్రహించి సరఫరా ఆపేస్తుంది. చెయ్యి వదలలేని కరెంటు ఎంతో మనుషుల మీద కొలిచిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్‌జీల్ 1960లలో ఇళ్లకు పనికొచ్చే ఇలాంటి పరికరాన్ని రూపొందించాడు. దీనికీ ఒక పరిమితి ఉంది. ఒక చెయ్యి ఫేజుకు, ఇంకో చెయ్యి న్యూట్రల్‌కు తగిలితే తేడా ఏర్పడదు, అది కాపాడలేదు. కనుక ఎర్త్, ఎంసీబీ, ఆర్‌సీసీబీ మూడూ ఉండాలి. ఒకటి ఉంది కదా అని ఇంకొకటి మానకూడదు.

పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టగానే తరచూ పడిపోతుంటుంది. "ఇది ఊరికే పడిపోతోంది, తీసేయ్" అని మిస్త్రీకి చెప్పేది చాలాసార్లు మనమే. చెమ్మ పట్టిన గోడలోనో, గీజరు కాయిల్లోనో ఉన్న లీకేజీని అది చూపిస్తోంది. దాన్ని తీసేస్తే లీకేజీ పోదు, కనబడకుండా పోతుంది.

మిస్త్రీని ఏమడగాలి

మన దేశ నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చడం వంటి చిన్న పనులు మినహా, ఇంటి వైరింగులో మార్పులు చేర్పులు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న పనివాడి చేతనే జరగాలి. గీజరుకు, ఏసీకి కొత్త లైను లాగడం చిన్న పని కాదు. కాబట్టి పర్మిట్ ఉందా అని అడగడం అవమానించడం కాదు.

రెండో ప్రశ్న: ఎర్త్ నిరోధం ఎంత? టెస్టరుతో గాని, బల్బు వెలిగించి గాని ఇది తెలియదు. కొలిచే మీటరు వేరే ఉంది. వేసవిలో కొలిపించి, ఆ అంకెను తేదీతో బోర్డు తలుపు లోపల రాయించండి. మూడో ప్రశ్న: ఏ లైనుకు ఎంత మందం తీగ? రెండు కిలోవాట్ల గీజరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్నని తీగకు దాన్ని తగిలిస్తే తీగ గోడలోనే వేడెక్కుతుంది. నాలుగోది: ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నా ముందు నొక్కి చూపిస్తావా? ఆ తర్వాత నెలకోసారి మనమే నొక్కి చూసుకోవచ్చు.

ఇవన్నీ మన భద్రత కోసం. అతని భద్రత మాటేమిటి? పని మొదలుపెట్టేముందు మెయిన్ ఆపడం ఇంటివాళ్ల బాధ్యత కూడా. ఇన్వర్టరు ఉంటే మెయిన్ ఆపినా కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది. దాన్నీ ఆపాలి. "టీవీ మధ్యలో ఆగిపోతుంది, అలాగే చేసెయ్" అని తొందరపెట్టడం తగదు. మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు తగిలి చనిపోతున్నారు.

మా వీధి మిస్త్రీకి పర్మిట్ లేదు, కాని ఇరవై ఏళ్లుగా చక్కగా చేస్తున్నాడు అనేవాళ్లుంటారు. నిజమే, అలాంటి పనిమంతులు ఉన్నారు. వాళ్లను పక్కనపెట్టమని నేననను. అనుభవంతో నేర్చిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ పథకాలున్నాయి. పర్మిట్ అడిగే ఇళ్లు పెరిగితే అది తీసుకునే మిస్త్రీలూ పెరుగుతారు. ఎవరూ అడగని కాగితం కోసం రోజు కూలీ పోగొట్టుకుని ఎవరు తిరుగుతారు?

ఖర్చు మాటకొస్తే, ఒక చిన్న ఇంటికి ఆర్‌సీసీబీ ధర సుమారు రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. సొంతిల్లు ఉన్నవాళ్లకు ఇది మిక్సీ కంటే తక్కువ. అద్దె గదుల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. గోడలోని తీగ యజమానిది, దాన్ని తాకేది అద్దెకున్నవాళ్లు. అందుకే అద్దె కాగితంలో నీళ్ల గురించి, కరెంటు బిల్లు గురించి రాసుకునే చోటే ఎర్త్ కొలత, ఆర్‌సీసీబీ గురించి కూడా ఒక వాక్యం ఉండాలంటాను.

ఈసారి మిస్త్రీ పని ముగించి స్విచ్ వేసి చూపించినప్పుడు వెంటనే డబ్బులు తీయకండి. "వెలిగింది సరే, చెడిపోయిన రోజు ఇది ఆగుతుందా?" అని అడగండి. అతను మీటరు తీసి కొలిచి చూపిస్తే, అందుకు పట్టిన సమయానికీ కలిపి కూలీ ఇవ్వండి.