అమృతపాణికి ఆపద

మా యానాం బజారులో కర్పూర చక్కెరకేళికి లోటు లేదు. అమృతపాణి కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. దాని శత్రువు పనామా తెగులు. నేలలోని శిలీంధ్రం వేళ్ళలో దూరి నీటి దారులు మూసేస్తుంది. అడుగాకులు పసుపుబారి బోదె చుట్టూ వేలాడతాయి. మందుకు లొంగదు, ఏళ్ళ తరబడి మట్టిలోనే కాచుకుని ఉంటుంది. కర్పూరం తట్టుకుంటుంది, అమృతపాణి తట్టుకోలేదు.

“రెంటినీ సంకరం చేయరాదాండీ?” అన్నాడు నా శిష్యుడొకడు. తెలుగు మేష్టరుకు తగిన ప్రశ్నే! చేయవచ్చును గాని, తినే అరటికి విత్తేదీ? పిలక తల్లికి అచ్చు నకలు. తల్లికి లేని శక్తి దానికెక్కణ్ణుంచి వస్తుంది? అందుకే గింజలుండే అడవి అరటి పుప్పొడి అద్ది, ఏ ఒకటో రెండో గింజ పడితే దాన్ని కళ్ళల్లో పెట్టుకుని పెంచాలి. ట్రినిడాడ్‌లో 1922లోనే ఈ తపస్సు మొదలైంది.

పాత తెగులును తట్టుకున్న కేవెండిష్ అరటిని తరువాత కొత్తరకం తెగులు పడగొట్టింది. ఆస్ట్రేలియావారు అడవి అరటి జన్యువును అందులో చొప్పించి, 2024లో ప్రభుత్వానుమతి పొందారు. ఎగుమతి పండు గనుక అంత సేవ! మన వ్రతాల పండుకూ ఆ భాగ్యం పట్టాలని నా ఆశ.

ఈలోగా అమృతపాణి వేసుకునేవారు తెగులు సోకిన తోటనుంచి పిలక తేకండి. పిలకతోపాటు మట్టీ, మట్టితోపాటు తెగులూ వస్తాయి.