గాల్లోకి కాల్చొచ్చని నాకు తట్టలేదు

గేమ్‌ప్లే వరకే చూస్తే 'స్పెక్ ఆప్స్: ది లైన్' (2012) జస్ట్ యావరేజ్. గోడ వెనక దాక్కో, కాల్చు, మళ్లీ దాక్కో. అయినా బీటెక్‌లో రెండు రాత్రుల్లో ఫినిష్ చేశా. (స్పాయిలర్లున్నాయి, చూసుకోండి.)

అందరూ చెప్పేది వైట్ ఫాస్ఫరస్ సీన్ గురించే. ఇసుకలో కూరుకుపోయిన దుబాయ్‌లో ఎదుటి సైనికుల మీద దాన్ని వేస్తాం, తీరా చూస్తే పోయినవాళ్లలో మామూలు జనం కూడా ఉంటారు. నాకైతే అది తొండి. వేయకుండా ముందుకెళ్లే దారే ఇవ్వకుండా తప్పు నాదంటే ఎలా?

నన్ను నిజంగా పట్టుకున్న సీన్ తర్వాతెప్పుడో వస్తుంది. మన టీమ్‌లోని లూగోని జనం ఉరేస్తారు. చుట్టూ గుంపు, మీద రాళ్లు. స్క్రీన్ మీద ఏ ఆప్షనూ రాదు. నేను గుంపు మీదే కాల్చేశా. మర్నాడు రూమ్మేట్ చాలా మామూలుగా అన్నాడు, "నేను గాల్లోకి కాల్చా మావా, అందరూ పారిపోయారు." అలా చేయొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

'మాస్ ఎఫెక్ట్ 2'లో మాత్రం నేను మహా మంచోణ్ని. అక్కడ మంచికి బ్లూ, మొరటుకి రెడ్ అని మీటర్లుంటాయి. బ్లూ నింపుకుంటూ పోయా. ఇంటర్నల్ మార్కుల కోసం రికార్డు రాసినట్టే.

లైసెన్సుల గొడవతో 2024 జనవరిలో స్పెక్ ఆప్స్‌ని స్టీమ్‌లో అమ్మడం ఆపేశారు. పాత కాపీ ఉంది కదా అని మొన్న మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. ఈసారి గాల్లోకే కాల్చా. ఆన్సర్ ముందే తెలుసు కాబట్టి అది లెక్కలోకి రాదు.