రోగి చదవకూడని చిట్టా

మా బావ డాలస్‌లో ఉంటాడు. ఫోన్లో ఏ కబురుతో మొదలుపెట్టినా చివరికి ఒకచోటికే వస్తాడు: "మీకు అక్కడ సిస్టమ్ లేదురా, ఇక్కడ ఉంది." అమ్మ ఆపరేషన్ తర్వాత కేస్ షీట్ జిరాక్స్ కోసం నాలుగు రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగానని చెప్పినప్పుడూ అదే పాట. "మా దగ్గర డాక్టర్ ఒక్క తప్పు చేస్తే చాలు, జీవితాంతం రికార్డులో ఉంటుంది. దేశంలో ఏ మూలకి పోయినా ఆ ఫైల్ వెంట వస్తుంది."

ఆ మాట నేనూ నమ్మేవాణ్ణే. పన్నెండేళ్ళుగా డేటాబేసుల మీద బతుకుతున్నవాణ్ణి. రికార్డు ఉందంటే సగం న్యాయం జరిగిపోయినట్టే అనే మూఢనమ్మకం మా వృత్తిలో అందరికీ ఉంటుంది. కానీ ఏ పుస్తకం పట్టుకున్నా మనం మొదట అడిగే ప్రశ్న ఒకటుంది కదా: ఇది రాసిందెవరు, ఎవరు చదవడానికి? ఆ ప్రశ్న అమెరికా సైనిక డాక్టర్ల రికార్డుల మీద ఒకసారి అడిగి చూడండి. బావ చెప్పే సిస్టమ్ రంగు బయటపడుతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. డాక్టర్ల మీద తీసుకున్న చర్యలకి రికార్డు ఉండడం వేరు, జవాబుదారీతనం ఉండడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది కూడా ఉందని నమ్మించడం, ప్రభుత్వాలు అలవోకగా చేసే మోసం.

1986 నవంబర్ 14. అమెరికాలో ఆ రోజు చట్టాలైన బిల్లుల్లో రెండిటికి వరస నంబర్లు పడ్డాయి: 99-660, 99-661. మొదటిదాంట్లో ఒక భాగం, ఆరోగ్య సేవల నాణ్యత గురించి. ఒక రాష్ట్రంలో పనికిరాడనిపించుకున్న డాక్టర్ సూట్‌కేస్ సర్దుకుని పక్క రాష్ట్రానికి వెళ్ళి కొత్త బోర్డు తగిలించుకోకుండా ఆపాలని ఆ చట్టం చేశారు. అందులోంచి పుట్టిందే నేషనల్ ప్రాక్టిషనర్ డేటా బ్యాంక్. అది 1990 సెప్టెంబర్ 1న పని మొదలుపెట్టింది. తప్పు వైద్యానికి డాక్టర్ తరఫున పరిహారం కడితే అందులో రాయాలి. ఆసుపత్రి ఒక డాక్టర్ వైద్యం చేసే అధికారాన్ని 30 రోజులకి మించి ఆపితే రాయాలి. విచారణ నడుస్తుండగా రాజీనామా చేసి జారుకున్నా రాయాలి. కొత్త డాక్టర్‌ని చేర్చుకునే ముందు, ఆ తర్వాత రెండేళ్ళకోసారి ఆసుపత్రులు ఆ చిట్టా తెరిచి చూడాలి. బావ చెప్పిన ఫైల్ ఇదే.

రెండో చట్టం, 99-661, రక్షణ శాఖది. దానివల్ల సైనిక చట్టాల్లోకి 1102 అనే సెక్షన్ వచ్చింది. సైనిక ఆసుపత్రుల్లో వైద్యం నాణ్యత మీద జరిగే అంతర్గత సమీక్షల రికార్డులన్నీ రహస్యం అంటుంది అది. కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి లేదు, సమాచార హక్కు చట్టం కింద అడగడానికి లేదు. కావాలని బయటపెట్టినవాళ్ళకి మొదటిసారి 3,000 డాలర్ల దాకా, మళ్ళీ చేస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా. రాయాల్సింది రాయకపోతే ఏం జరుగుతుందో మాత్రం ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

ఒకే రోజు, పక్కపక్క నంబర్లు. ఒక చేత్తో చిట్టా తెరిచారు, రెండో చేత్తో తాళం వేశారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ మొదటి చిట్టా కూడా జనం కోసం కాదు. ఆసుపత్రులు చూడొచ్చు, లైసెన్స్ ఇచ్చే బోర్డులు చూడొచ్చు, డాక్టర్ తన గురించి ఏముందో తను చూసుకోవచ్చు. టేబుల్ మీద పడుకోబోయే మనిషి చూడకూడదు. పేర్లు తీసేసిన గణాంకాల ఫైలు ఒకటి బయట పెడుతుండేవాళ్ళు. ఒక పత్రికా విలేఖరి దాన్ని తన దగ్గరున్న కోర్టు కాగితాలతో పోల్చి ఒక డాక్టర్‌ని గుర్తుపట్టాడని 2011లో ఆ ఫైల్ కూడా తీసేశారు. గొడవైతే రెండు నెలలకి షరతులు పెట్టి తిరిగి ఇచ్చారు. డేటా బ్యాంక్ అంటే బ్యాంకే మరి! డబ్బు మనది, లాకర్ తాళం వాళ్ళది.

అయినా మామూలు ఆసుపత్రిలో రోగికి ఇంకో దారి ఉంది. కోర్టుకి వెళ్ళొచ్చు. పరిహారం వస్తే, ఆ చెల్లింపే డాక్టర్ పేరు మీద చిట్టాలోకి ఎక్కుతుంది. ఇక్కడే సైనికుడికి అసలు దెబ్బ.

1950లో అమెరికా సుప్రీంకోర్టు ఫెరెస్ కేసులో తీర్పిచ్చింది. మూడు కేసులు కలిపి విన్నారు. అందులో ఒకటి జెఫర్సన్ అనే సైనికుడిది. సైన్యంలో ఉండగా అతనికి కడుపు ఆపరేషన్ చేశారు. ఎనిమిది నెలల తర్వాత, సైన్యం నుంచి బయటికొచ్చాక, ఇంకో ఆపరేషన్‌లో అతని కడుపులోంచి ఒక తువ్వాలు తీశారు. 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. దాని మీద అమెరికా సైన్యపు వైద్య శాఖ ముద్ర! ఇంతకంటే స్పష్టమైన రికార్డు ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? తప్పు చేసిన శాఖ తన పేరు తనే రాసి మనిషి కడుపులో పెట్టి కుట్టేసింది. అయినా కోర్టు ఏమంది? సైనిక సేవలో భాగంగా జరిగిన హానికి సైనికుడు ప్రభుత్వం మీద దావా వేయడానికి వీల్లేదంది.

దీని ఫలితం ఒక్కసారి ఊహించండి. ఒకే సైనిక ఆసుపత్రి, ఒకే డాక్టర్, ఒకే రకం తప్పు. మంచం మీద ఉన్నది సైనికుడి భార్య అయితే ఆమె దావా వేయొచ్చు. ఉన్నది ఆ సైనికుడే అయితే వేయలేడు. దావా లేదు కాబట్టి పరిహారం లేదు, పరిహారం లేదు కాబట్టి ఆ దారిన చిట్టాలో ఒక్క గీత పడదు. దశాబ్దాల పాటు ఇదే లెక్క. పోనీ భార్యకి పరిహారం వచ్చిందనుకోండి, అదీ నేరుగా ఎక్కదు. బయటి డాక్టర్ విషయంలో చెల్లింపు జరిగిందంటే చాలు, రాయాల్సిందే. సైనిక ఆసుపత్రులు మాత్రం రెండు శాఖల మధ్య ఒప్పందం ద్వారా ఈ చిట్టాలోకి వచ్చాయి. ఆ ఏర్పాటులో ఇంకో మెట్టు పెట్టారు: వైద్యం ప్రమాణాలకి తగ్గట్టు లేదని సదరు దళం సర్జన్ జనరల్ తేల్చాల్సి ఉండేది. తేల్చితేనే డాక్టర్ పేరు బయటి చిట్టాకి వెళ్ళేది. అంటే ఆ యూనిఫాం వేసుకున్నవాళ్ళ తప్పుని ఆ యూనిఫాం పెద్దే తూచేవాడు.

2019 డిసెంబర్‌లో కొంత మార్పు వచ్చింది. రిచర్డ్ స్టేస్కల్ అనే సైనికుడి ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని సైనిక ఆసుపత్రిలో సమయానికి గుర్తించలేదు. అతను కాంగ్రెస్ చుట్టూ తిరిగి పోరాడాక, సైనికులు పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చని చట్టం చేశారు. కానీ అర్జీ ఇవ్వాల్సింది రక్షణ శాఖకే, తేల్చేదీ రక్షణ శాఖే. కోర్టు గుమ్మం ఇప్పటికీ మూసే ఉంది. జబ్బు మనిషి అంత దూరం నడిచి సాధించింది, ఒక దరఖాస్తు ఫారం!

సరే, ఇక మిగిలింది లోపలివాళ్ళు రాసుకునే రికార్డు. దాన్నైనా నిజాయితీగా రాస్తారా? నిడాల్ హసన్ సంగతి చూడండి. సైన్యంలో సైకియాట్రిస్ట్. 2009 నవంబర్ 5న ఫోర్ట్ హుడ్‌లో కాల్పులు జరిపి 13 మందిని చంపాడు. ఆ సంఘటన మీద మతం గురించి చాలా రాశారు, అది పక్కన పెట్టండి. కాగితాలు మాత్రం చూడండి. వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో శిక్షణలో ఉన్నప్పుడే అతని పనితీరు మీద, తీరు మీద పైవాళ్ళకి గట్టి అనుమానాలున్నాయి. 2007లో ఒక అధికారి మెమో కూడా రాశాడు. కానీ అతని అధికారిక మూల్యాంకన నివేదికల్లో ఆ అనుమానాలు కనిపించవు, మెచ్చుకోళ్ళు కనిపిస్తాయి. 2011లో సెనెట్ కమిటీ నివేదిక ఈ సంగతే ఎత్తిచూపింది. అతనికి మేజర్‌గా పదోన్నతి వచ్చింది, ఫోర్ట్ హుడ్‌కి బదిలీ అయ్యింది. కొత్తచోటికి ఫైల్ వెళ్ళింది, నిజం వెళ్ళలేదు. బావా, ఫైల్ వెంట వస్తుందన్నావే, ఇదిగో వచ్చింది.

దీన్ని ఒక పిచ్చివాడి కథగా కొట్టిపారేయొచ్చు. అందుకని ఏ సంచలనమూ లేని లెక్క ఒకటి చెప్తాను. సైన్యంలోంచి బయటికొచ్చినవాళ్ళ ఆసుపత్రులు వేరే శాఖ కింద ఉంటాయి. అక్కడి ఐదు ఆసుపత్రుల్లో ఫిర్యాదుల మీద సమీక్ష అవసరమైన 148 మంది వైద్యుల కాగితాలు ప్రభుత్వ ఆడిటర్లు చూశారు. 2017 నవంబర్‌లో నివేదిక ఇచ్చారు. దాదాపు సగం మంది విషయంలో సమీక్ష జరిగిందనడానికి కాగితమే లేదు. తొమ్మిది మంది గురించి జాతీయ చిట్టాకి రాయాల్సి ఉంటే, ఎనిమిది మంది గురించి రాయలేదు. ఆ తొమ్మిది మందిలో ఒక్కరి గురించి కూడా రాష్ట్ర లైసెన్స్ బోర్డుకి చెప్పలేదు. ఎందుకయ్యా అంటే, కొందరికి నిబంధన తెలియదు, కొందరు తప్పుగా అర్థం చేసుకున్నారు. కుట్ర కూడా కాదు, ఉత్త బద్ధకం. రికార్డు చదివే పాఠకుడు బయట ఎవరూ లేడని తెలిసినప్పుడు రాసేవాడికి వచ్చే సహజమైన బద్ధకం.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదం ఒకటుంది. అది తేలికపాటిది కాదు, పైగా నా వృత్తిలోంచే వస్తుంది. సర్వర్ పడిపోయినప్పుడు మేం ఒక మీటింగ్ పెట్టుకుంటాం. ఎవరినీ నిందించకూడదన్నది మొదటి నియమం. నిందిస్తారన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు, నిజం చెప్పకపోతే అదే తప్పు మళ్ళీ జరుగుతుంది. ఆసుపత్రి సమీక్షలు రహస్యంగా ఉంచడానికి చెప్పే కారణం కూడా అచ్చం ఇదే. డాక్టర్లు, నర్సులు నోరు విప్పి మాట్లాడాలంటే ఆ గది తలుపు మూసి ఉండాలి. ఒప్పుకుంటాను. తలుపు తీసేస్తే మొదట బలయ్యేది పెద్ద సర్జన్ కాదు, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర నర్సు.

కానీ మా మీటింగ్ అయ్యాక ఇంకో పని ఉంటుంది. మీ సర్వీసు ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, ఏం మార్చాం అని కస్టమర్‌కి రాసిస్తాం. గదిలో ఎవరు ఏమన్నారో రాయం. ఏం తేలిందో రాస్తాం. రహస్యం చర్చకి ఉండాలి, తీర్పుకి కాదు. 1102 సెక్షన్ సమర్థకులు ఈ రెండిటినీ ఒకే కవరులో పెట్టి అంటించేశారు. సైనికుడు తన కేస్ షీట్ తెచ్చుకోవచ్చు. తన శరీరం మీద జరిగినదాని గురించి విచారణలో ఏం తేలిందన్నది మాత్రం అతను చదవకూడదు. వెబ్‌సైట్ రెండు గంటలు ఆగితే క్షమాపణతో మెయిల్ వస్తుంది. కడుపులో తువ్వాలు మరిచిపోతే రాదు.

బయటపెడితే డాక్టర్లు పారిపోతారని ఇంకో బెదిరింపు. మసాచుసెట్స్ రాష్ట్రం 1996లోనే చట్టం చేసి, ఒక్కో డాక్టర్ మీద బోర్డు తీసుకున్న చర్యలు, కట్టిన పరిహారాల వివరాలు జనానికి కనిపించేలా పెట్టింది. బోస్టన్‌లో ఆసుపత్రులు మూతపడలేదు. మామూలు పౌరుడు చూడగలిగింది, ఆ పౌరుడి కోసం ప్రాణం పెడతానన్నవాడు ఎందుకు చూడకూడదు?

పైగా సైనికుడు డాక్టర్‌ని ఎంచుకోలేడు. మనం రివ్యూలు చదివి, నలుగురిని అడిగి, నచ్చకపోతే ఇంకో చోటికి పోతాం. అతన్ని ఎక్కడ పోస్ట్ చేస్తే అక్కడి డాక్టరే అతని డాక్టర్. ఎంచుకునే హక్కు లేనివాడికి తెలుసుకునే హక్కు ఎక్కువ ఉండాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది.

కాబట్టి అడగాల్సినవి మూడే. విచారణలో తేలింది ఆ రోగికి, పోతే అతని కుటుంబానికి, రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రమాణాలు పాటించారా లేదా అన్నది తేల్చేవాళ్ళు ఆ దళం అధికార వరుసలో ఉండకూడదు. డాక్టర్‌కి తన వాదన చెప్పుకునే పూర్తి అవకాశం ఇచ్చాక, అప్పీళ్ళన్నీ అయ్యాక, చర్య ఖాయమైతే అది జనం చూసేచోట ఉండాలి. డాక్టర్లకి ఇందులో జరిగే అన్యాయం ఏమీ లేదు. నిజానికి చీకట్లో రాసిన చిట్టాలో తన మీద తప్పు రాత పడ్డ మంచి డాక్టర్‌కి కూడా వెలుతురే మేలు.

పోయిన ఆదివారం బావకి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే మీ దగ్గరే బాగుందంటావా?" అన్నాడు. కాదు బావా. నాలుగు రోజులు తిరిగి నేను తెచ్చుకున్న జిరాక్స్‌లో మూడు పేజీలు లేవు. కాకపోతే లేవని నాకు తెలుసు. ఆ సైనికుడికి ఏ పేజీలు లేవో కూడా తెలియదు.