తెలివుంది గానీ శ్రద్ధ లేదు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. చూశారు. తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. కుర్చీ మీద ఉతికి ఆరిన బట్టల గుట్ట, మడత పెట్టే దిక్కు లేదు. ఖాతాలో డబ్బులుండీ కట్టని కరెంటు బిల్లు. సగం కుట్టి వదిలేసిన జాకెట్టు, పది పేజీలు చదివి బోర్లా పెట్టిన పుస్తకం, మోజుపడి కొన్న మగ్గం వర్కు సామాను మంచం కింద. పొయ్యి చుట్టూ పొంగి ఎండిపోయిన పాలు. ఇవన్నీ చూసి తీర్పు చెప్పడానికి అత్తగారికి అర నిమిషం పట్టలేదు: ఒళ్ళొంగని మనిషి. ఆడపడుచు ఇంకో మాట కలిపింది: పొగరు. భర్త పెద్దమనిషి కాబట్టి మెత్తగా చెప్పాడు: "దానికి కాస్త బాధ్యత తక్కువ."

సాక్ష్యాలతో నాకు పేచీ లేదు, అన్నీ నిజమే. పేచీ తీర్పుతోనే. వయసొచ్చిన ఆడవాళ్ళలో ఏడీహెచ్‌డీని, అంటే ధ్యాసను కావలసిన చోట కావలసినంత సేపు నిలపలేని మెదడు తీరును, గుర్తుపట్టడం చాలా కష్టమనీ, లక్షణాలు పైకి కనపడవనీ రాస్తుంటారు. కనపడకపోవడమేమిటి! ఇంట్లో అందరికీ కనపడ్డాయి. చుట్టాలకు కనపడ్డాయి. పెళ్ళిళ్ళలో విస్తళ్ళ దగ్గర చెప్పుకుని నవ్వుకున్నారు కూడా. లక్షణం లక్షణంగా కాక నేరంగా కనపడింది, అంతే తేడా.

అదే పని మగవాడు చేస్తే ఏమవుతుంది? బండి తాళాలు ఎక్కడ పెట్టాడో తెలియదు, పెళ్ళాం వెతికి ఇస్తుంది. పెళ్ళిరోజు మరిచిపోయాడు, పాపం పని ఒత్తిడి. ఎదుటివాళ్ళు చెప్పేది వినకుండా కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు, ఏదో పెద్ద ఆలోచనలో ఉన్నట్టున్నాడు. చొక్కా తిరగేసి తొడుక్కుని కాలేజీకి వెళ్ళిన ప్రొఫెసరు గారి కథలు ఎంత ముచ్చటగా చెప్పుకుంటాం! ఆయన మతిమరుపు ఆయన మేధస్సుకు కితాబు. రెండు కాళ్ళకు రెండు రకాల చెప్పులేసుకుని బడికెళ్ళిన టీచరమ్మ గురించి అంత ముచ్చటైన కథ ఒక్కటి చెప్పండి, వింటాను. మగవాడి జ్ఞాపకశక్తి సగం వాళ్ళమ్మ దగ్గరా, ఆ తర్వాత భార్య దగ్గరా ఉంటుంది. ఆమె తాళాలు పోతే వెతికిపెట్టే మనిషి ఆ ఇంట్లో లేరు. ఎందుకంటే వెతికిపెట్టే మనిషి ఆమే.

వైద్యశాస్త్రం మన అత్తగార్ల కంటే గొప్పగా ఏమీ ప్రవర్తించలేదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు కుదురులేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన వర్ణించిన వాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూసిన 30 మందిలో 21 మంది మగపిల్లలు. 1968లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఈ జబ్బు ఎక్కినప్పుడు దాని పేరులోనే అతిచలనం ఉంది, బాల్యం ఉంది. అంటే బల్లలెక్కి దూకే పిల్లవాడే రోగి. కిటికీ పక్కన కూర్చుని, నోట్సు అంచుల్లో ముగ్గులేసుకుంటూ, పంతులుగారు పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడే పిల్ల ఎవరికి అడ్డం? ఎవరికీ అడ్డం లేని పిల్లను డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళతారు? ప్రోగ్రెసు కార్డు మీద ఒక ముక్క రాసి పంపిస్తారు: తెలివుంది గానీ శ్రద్ధ లేదు. రోగనిర్ధారణ దాదాపు పూర్తయింది. సంతకం పెట్టిన నాన్న దాన్ని తిట్టు కింద చదివాడు.

1980లో గానీ గెంతులు లేకుండా ధ్యాస మాత్రమే నిలవని రకం కూడా ఉందని ఆ పుస్తకం ఒప్పుకోలేదు. 2013 దాకా లక్షణాలు ఏడేళ్ళ లోపు బయటపడి తీరాలన్నారు, ఆ తర్వాత పన్నెండుకు పెంచారు. క్లినిక్కులకు వచ్చే పిల్లల్లో ఒక ఆడపిల్లకు ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది మగపిల్లలు ఉంటారు. పెద్దవాళ్ళలో ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. మరి చిన్నప్పుడు ఆ ఆడపిల్లలంతా ఎక్కడున్నారు? మూడో బెంచీలో ఉన్నారు. మాట్లాడకుండా కూర్చున్నారు.

ఇందులో పెద్ద వెక్కిరింత ఒకటుంది. ఈ జబ్బుకు ప్రపంచమంతా వాడే మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండులో సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజ్జోన్ తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్ టెన్నిస్ ఆడబోయే ముందు అది వేసుకునేదట. ఆమె ముద్దుపేరు రీటా. మందు రిటాలిన్ అయింది. పేరేమో వయసొచ్చిన ఆడమనిషిది. మందు మాత్రం దశాబ్దాల పాటు బడికెళ్ళే మగపిల్లల నోళ్ళలోకే ఎక్కువగా పోయింది.

మన దగ్గర ఈ జబ్బును దాచిపెట్టే యంత్రం ఇంకోటుంది: విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారకముందే బెల్లు. స్టడీ అవర్. వారం వారం పరీక్ష. చూపు పక్కకు తిరిగితే నెత్తిమీద వార్డెన్. ఆ చదువు మీద నాకు రవ్వంత గౌరవం లేదు. కానీ ధ్యాస నిలవని పిల్లకు అది తెలియకుండానే ఊతకర్ర అవుతుంది. ర్యాంకు వస్తుంది. "ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు ఏడీహెచ్‌డీ ఏమిటమ్మా" అనే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళూ ఆ బెల్లులకు లేచి చదివినవాళ్ళే. బెల్లు కొట్టేవాళ్ళు లేని ఇంజనీరింగులో బ్యాక్‌లాగులు మొదలవుతాయి. అదీ ఎలాగో గట్టెక్కితే పెళ్ళి. పెళ్ళంటే ఏమిటి? నిన్నటిదాకా ఎవరో బెల్లు కొడితే లేచిన పిల్లను ఇంటిల్లిపాదికీ బెల్లు కొట్టే ఉద్యోగంలో పెట్టడం.

ఆ ఉద్యోగంలో ఏముంటాయో ఒకసారి చూడండి. గ్యాస్ బుకింగు. పాప టీకా తేదీ. మామగారి బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించడం. స్కూలు వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి 'రేపు పసుపు డ్రెస్సు' అని వస్తే ఆ డ్రెస్సు ఎక్కడుందో తెలిసి ఉండటం. శ్రావణ శుక్రవారం పేరంటానికి ఎవరిని పిలవకపోతే ఎవరు అలుగుతారో గుర్తుంచుకోవడం. రేపటి ఇడ్లీకి ఇవాళ మధ్యాహ్నమే పప్పు నానబోయడం. ఏడీహెచ్‌డీ ఉన్న మెదడుకు సరిగ్గా ఏది చేతకాదో, ముందు చూసుకోవడం, వరసలో పెట్టుకోవడం, సమయానికి గుర్తుచేసుకోవడం, దాన్నే ఏరికోరి ఇల్లాలి ధర్మం అన్నారు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడుతున్నారని తేలింది. ఆ 289లో కూర తిప్పిన నిమిషాలుంటాయి. కూర తిప్పుతూ స్కూలు ఫీజు గడువును తలలో మోసిన బరువును ఏ గడిలో వేస్తారు?

లోపలి నుంచి ఇది ఎలా ఉంటుందో బయటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు కాలం గురించి చెప్పాలి. ఆమె గడియారంలో రెండే వేళలుంటాయి: ఇప్పుడు, ఇప్పుడు కాదు. రేపటి రైలు, వచ్చే నెల పరీక్ష, పదేళ్ళ తర్వాతి పదవీ విరమణ, మూడూ రెండో గడిలోనే పడి ఉంటాయి. మీద పడితే గానీ కదలిక రాదు. మీద పడ్డాక పది మంది పని ఒక్కతే చేస్తుంది. పెద్ద ఆపదలో అందరి కంటే నిబ్బరంగా నిలబడేదీ, మర్నాడు ఒక ఫోను చేయాల్సి వస్తే వారం రోజులు దాటవేసేదీ ఒకే మనిషి. స్నానం చేసి రావడం లాంటి చిన్న పని ముందు గంటసేపు మంచం అంచున కూర్చుండిపోతుంది. చేయాలని తెలుసు, చేయాలని ఉంది, లేవలేదు. ఆ గంటలో తనను తాను తిట్టుకునే తిట్లు అత్తగారికి కూడా రావు.

ఆమెకు వ్యతిరేకంగా అందరూ వాడే గట్టి వాదన ఇదీ: "నచ్చిన పని మాత్రం ముద్ద కూడా మానేసి చేస్తుందిగా!" అవును, చేస్తుంది. నచ్చిన దాంట్లో మునిగిపోవడం, మునిగాక పైకి రాలేకపోవడం కూడా ఈ జబ్బు తీరే. పగ్గం చేతిలో లేదన్నదే ఇక్కడ అసలు సంగతి. మనసు మీద కూడా పగ్గం ఉండదు: చిన్న మాటకు కళ్ళనీళ్ళు, చిన్న విసుగుకు పెద్ద కేక, పది నిమిషాల తర్వాత పశ్చాత్తాపం. మగపిల్లవాడి కాళ్ళలో కనిపించే గెంతులు ఆడమనిషిలో తలలోకి ఎక్కుతాయి, లేదా నోట్లోకి. వాగుడుకాయ అంటారు. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండా అందుకుంటుంది, ఎందుకంటే ఆగితే చెప్పాల్సింది పోతుందని భయం.

ఇక అచ్చం అద్దంలా ఉన్న ఇళ్ళు. ఇల్లు చూసే వాళ్ళంతా ఘోరంగా మోసపోయేది ఇక్కడే. ఫోనులో పదకొండు అలారాలు, ఫ్రిజ్ నిండా చీటీలు, రైలుకు రెండు గంటలు ముందు స్టేషన్లో, గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి. ఒక్క ఇటుక జారినా అంతా కూలుతుందని తెలిసి రోజంతా గోడకు వీపు ఆనించి నిలబడే ఆడవాళ్ళు వీళ్ళు. వీళ్ళను చూసి 'ఎంత పద్ధతో' అంటారు. రాత్రికి ఆ పద్ధతి ఖరీదు ఎంతైందో ఎవరూ అడగరు.

నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ పడిపోయే రోజుల్లో ఇవన్నీ ముదురుతాయని చాలామంది చెబుతారు. నలభై దాటి నెలసరి గాడి తప్పే వయసులో మరీను. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన మనిషి ఒక్కసారిగా పట్టు తప్పుతుంది, ఇంట్లో వాళ్ళు "వయసు మీద పడుతోందిగా" అని తేల్చేస్తారు. చాలామందికి అసలు సంగతి బయటపడేది కొడుకు ద్వారా. బడి వాళ్ళు వాణ్ణి పరీక్ష చేయించమంటారు. డాక్టరు లక్షణాలు ఒక్కొక్కటీ చదువుతుంటే ఆమె తన చిన్నతనం వింటున్నట్టు కూర్చుంటుంది. ఇది వంశపారంపర్యంగా బలంగా వచ్చేది, ఎత్తు వచ్చినట్టే. అయినా కొడుకు సంగతి తెలియగానే ఇంట్లో మొదటి మాట ఏమిటో ఊహించగలరు: తల్లి పెంపకం.

డాక్టరు దగ్గరికి ఆమె వెళ్ళదని కాదు. వెళుతుంది, నిద్ర లేదని, నీరసమని, ఏడుపొస్తోందని. ఐరన్ మాత్రలు రాస్తారు. తప్పు లేదు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉన్నచోట ముందు రక్తమే చూడాలి. థైరాయిడ్ చూడాలి, నిద్ర చూడాలి. దిగులు జబ్బు కూడా ధ్యాసను తినేస్తుంది, అదీ చూడాలి. నా కోపం ఆ తర్వాతి మెట్టు మీద. రిపోర్టులన్నీ బాగున్నాయి, దిగులు మాత్రలు వాడినా తాళాలు దొరకడం లేదు, అప్పుడైనా "చిన్నప్పుడు ఎలా ఉండేదానివమ్మా" అని ఒక్క ప్రశ్న వేయడానికి ఏమడ్డం? స్కానింగు అక్కర్లేదు, రక్తం చుక్క అక్కర్లేదు. నిర్ధారణ మొత్తం అడగడం, వినడం మీదే నడుస్తుంది. తొమ్మిది లక్షణాల చొప్పున రెండు జాబితాలు. పెద్దవాళ్ళకైతే ఏదో ఒకదాంట్లో అయిదు లక్షణాలు, చిన్ననాటి నుంచీ, ఇంట్లోనూ బయటా, బతుకును దెబ్బతీసేంతగా ఉండాలి.

"ఇదంతా రీల్స్ చూసి తెచ్చుకున్న ఫ్యాషన్ రోగం" అనే పెద్దమనుషులకు ఒక మాట. ఫోను అందరి ధ్యాసనూ ముక్కలు చేసింది, నిజమే. రీలు చూసి తనకు తాను చీటీ రాసుకోవడం కూడా వెర్రే. కానీ నలభై అయిదేళ్ళ మనిషి బాల్యంలో ఫోను లేదు, దూరదర్శన్ ఉంది, అదీ సాయంత్రాలు. ఆ బాల్యంలోనే రోజుకో పెన్సిలు పారేసుకున్న పిల్ల ఏ రీలు చూసి నేర్చుకుంది?

ఇది తాళాలతో ఆగే వ్యవహారం కూడా కాదు. కాలిఫోర్నియాలో మనస్తత్వవేత్త స్టీఫెన్ హిన్షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 140 మంది ఆడపిల్లలను ఏళ్ళ తరబడి గమనించింది. 2012లో ప్రకటించిన ఫలితాల్లో, ధ్యాసలోపంతో పాటు దుడుకుతనం కూడా ఉన్న పిల్లల్లో 22 శాతం మంది యుక్తవయసుకల్లా ఆత్మహత్యాయత్నం చేశారు, జబ్బు లేని పిల్లల్లో 6 శాతం. పుట్టింది మొదలు 'నీలో ఏదో లోపముంది' అని విన్న పిల్లలు వాళ్ళు. మన ఇళ్ళలో ఆ మాట ఎంత తేలిగ్గా అంటామో మనకు తెలుసు. సైకియాట్రిస్టు అనగానే హైదరాబాదులో ఎర్రగడ్డ అనీ, విశాఖలో చినవాల్తేరు అనీ పిచ్చాసుపత్రుల పేరు చెప్పి జోకు వేసే జాతి మనది. అందుకే ఆమె గైనకాలజిస్టు దగ్గర ఆగిపోతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, కనీసం అక్కడ నవ్వేవాళ్ళుండరు.

ప్రభుత్వం సంగతా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల చట్టం కింద ఉంది కాబట్టి చీటీ పట్టుకుని షాపు షాపూ తిరగాలి, నెల నెలా, తేదీ తప్పకుండా. తేదీలు గుర్తుండని జబ్బుకు తేదీ తప్పకూడని మందు!

ఆమె చీటీ తెచ్చుకున్నాక భర్తలు వెంటనే అడిగేది "ఇప్పుడు నన్నేం చేయమంటావు" అని. గ్యాస్ బుకింగు, పిల్లల ఫీజులు, మీ నాన్నగారి మాత్రలు. ఈ మూడూ మీరు తీసుకోండి, ఇవాళే. "గుర్తుచెయ్యి, చేసేస్తాను" అనకండి. గుర్తుచేయడమే ఆ పని.