జిల్లా మారినా మిగిలిపోయే అనుమతులు: క్లౌడ్ దస్త్రాలకు నెట్‌వర్క్ కాపలా

ఏలూరు: 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి రాగా, కొల్లేటి తీరాన గల కైకలూరు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరింది. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలో నిలిచింది. ఇటువంటి సమయాలలో కార్యాలయాల బోర్డులు, రబ్బరు స్టాంపులు మార్చడం సులభమే. సర్వర్లలో వ్రాసి ఉంచిన ప్రవేశ నిబంధనలను సవరించడం కంటికి కనిపించని పని కనుక వాయిదా పడే అవకాశం అధికం.

ప్రభుత్వ దస్త్రాలు నేడు బీరువాలలో కన్నా, కేంద్రం 2014లో ప్రారంభించిన ‘మేఘరాజ్’ వంటి క్లౌడ్ వ్యవస్థలలో ఎక్కువగా భద్రమవుతున్నాయి. సర్వరును చేరగోరే ప్రతి అభ్యర్థన ఏ ఐపీ చిరునామా నుండి వచ్చింది, ఏ పోర్టును కోరుతున్నది అనే అంశాలను నెట్‌వర్క్ నిబంధన పరిశీలిస్తుంది. పౌరులు చూసే వెబ్‌సైటు కొరకు 443 పోర్టు అందరికీ తెరచి ఉండవలసిందే. సర్వరు నిర్వహణకు వినియోగించే 22, 3389 పోర్టులు మాత్రం నిర్ణీత కార్యాలయాలకే పరిమితం కావాలి. చెరువు తూముకు వల కట్టి నీరు పెట్టే కొల్లేటి రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు. అత్యవసరమని ‘ఒక్క రోజుకు’ 0.0.0.0/0కు, అనగా యావత్ ప్రపంచానికి, తెరచిన పోర్టుతోనే చిక్కు. తెరచిన ఉద్యోగి బదిలీపై వెళతాడు. నిబంధన అక్కడే ఉంటుంది.

2017 మే నెలలో రాష్ట్ర పోలీసు కంప్యూటర్లను సైతం తాకిన ‘వన్నాక్రై’ వైరస్ 445 పోర్టు ద్వారానే వ్యాపించింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు దెబ్బతినగా, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

ఐపీ చిరునామా ఒక కార్యాలయ కనెక్షన్‌ను గుర్తిస్తుందే గాని వ్యక్తిని గుర్తించదు. ఖాళీ చేసిన కార్యాలయపు చిరునామాను ఇంటర్నెట్ సంస్థ మరో వినియోగదారునికి కేటాయిస్తే, పాత నిబంధన ఆ అపరిచితునికి సర్వరు వాకిలి వరకు దారి ఇస్తుంది. అందుచేత పాస్‌వర్డు, ఓటీపీల అవసరం తీరదు. 2022 ఏప్రిల్ 28న ‘సెర్ట్-ఇన్’ జారీ చేసిన ఆదేశాలు ప్రవేశ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ ఘటనలను 6 గంటలలో నివేదించాలని నిర్దేశించాయి.

ప్రతి నిబంధనకు ఎదురుగా ఎవరు కోరారు, ఏ కార్యాలయం కొరకు, ఏ తేదీ వరకు అన్నవి నమోదు కావాలి. ఈ వివరాలు లేని నిబంధనను తొలగించినందువలన ఎక్కడైనా సేవ నిలిచిపోతే, తిరిగి తెరవడం నిమిషాల పని.