సంతకం ఒక భాషలో, నొప్పి ఇంకో భాషలో

మోకాల్లో చిరిగిన మెనిస్కస్ కుట్టించుకోడానికి ఆసుపత్రిలో చేరాను. థియేటర్‌కి తీసుకెళ్ళే అరగంట ముందు నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం చేతికిచ్చారు. "రొటీనే సార్, ఇక్కడా, ఇక్కడా" అని నర్సు వేలితో చూపించింది. పెట్టాను.

మూడు నెలలైనా మోకాలి కింద, కాలి లోపలివైపు చర్మం మొద్దుబారే ఉంది. అడిగితే, "ఫారంలో ఉంది కదండీ" అన్నారు. నిజమే, ఉంది. లోపలివైపు మెనిస్కస్‌ని కుట్టేటప్పుడు ఆ పక్కనుంచే పోయే సఫీనస్ నరం దెబ్బతినొచ్చట. "ఇంజనీరువి, చదవకుండా ఎలా పెట్టావురా?" అంది అమ్మ. నన్నంటే అడగొచ్చు. ఇంగ్లీషు రాని అమ్మని ఏమని అడుగుతారు?

అన్నీ చెబితే పేషెంటు భయపడతాడనేది డాక్టర్ల వాదన. తగినంత సమాచారం ఇచ్చాక తీసుకున్నదే అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎప్పుడో అరుదుగా జరిగేవన్నీ ఏకరువు పెట్టక్కర్లేదని కూడా అంది. వీళ్ళకి గుర్తుండేది ఈ రెండో ముక్కే. సరే, ఇన్ఫెక్షన్ అరుదే అనుకుందాం. కుట్టు విఫలమవడం అరుదా? ఐదేళ్ళు దాటాక లెక్కగట్టిన అధ్యయనాల్లో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి అలా జరుగుతోంది. మెనిస్కస్‌కి బయటి అంచులోనే రక్తప్రసరణ బాగుంటుంది, లోపలికి పోయేకొద్దీ ఉండదు, రక్తం అందని చోట చిరుగు సరిగ్గా అతకదు. (ఒక యాప్ విడుదల చేసినా తెలిసిన లోపాల జాబితా జతచేస్తాం మేం. మోకాలికి ఆపాటి మర్యాద లేదు.)

తెలుగులో పదాల్లేవనేది ఇంకో సాకు. డాక్టర్ సమరం దశాబ్దాలుగా పత్రికల్లో ఏ భాషలో రాశారు మరి? "పిక్క వాచి నొప్పి పుడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆయాసం వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరి ఉండొచ్చు, ఆలస్యం చెయ్యకుండా రండి." ఇందులో ఏ మాట కష్టం? మా ఊళ్ళో పిక్క వాస్తే ముందు నూనె రాసి గట్టిగా మర్దనా చేస్తారు. గడ్డ ఉన్న కాలికి చెయ్యకూడని పని అదే. ఆ ఒక్క వాక్యం చెప్పకపోతే భయం తగ్గదు, మనిషే పోవచ్చు.

అమ్మకి మోకాలి మార్పిడి చెయ్యాలన్నారు, తేదీ కూడా ఇచ్చారు. ఈసారి ఫారం వారం ముందే ఇమ్మని అడిగాను, కూర్చోబెట్టి చదివి వినిపిద్దామని.

"అలా ముందు ఇవ్వం సార్" అన్నారు.