చేనేత ఫోటో

ఆగస్టు 7న మా కాలేజీలో చేనేత దినోత్సవం జరిగింది. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజుకి గుర్తుగా 2015 నుంచి దీన్ని జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు కదా, మేమూ జరుపుకున్నాం. మహిళా సిబ్బంది అంతా చేనేత చీరల్లో రావాలని మూడు రోజుల ముందే సర్క్యులర్ వచ్చింది. వచ్చాం. మంగళగిరి, వెంకటగిరి, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి. ఎవరి చీర ఎక్కడిదో, ఎంతకి కొన్నారో చెప్పుకోవడంలోనే మొదటి గంట గడిచిపోయింది. (మగ అధ్యాపకులకి సర్క్యులర్ లేదు. వాళ్లు ఎప్పటి ప్యాంట్లూ షర్టుల్లోనే వచ్చారు. పర్యావరణం కూడా మన భుజాల మీది పైటే కాబోలు.) పర్యావరణానికి మేలు చేసే దుస్తులు ఎలా ఎంచుకోవాలి అని ఒక ఉపన్యాసం. ఆ తర్వాత మెట్ల మీద గ్రూపు ఫోటో.

పొద్దుటినుంచీ కుర్చీలు వేసి, టీలు అందించిన ఇద్దరు ఆడవాళ్లు కూడా నవ్వుతూ వచ్చి వరస చివర నిలబడ్డారు. ఇద్దరివీ పాలిస్టర్ చీరలు. "మీరు కొంచెం పక్కకి జరగండమ్మా, ఇది చేనేత ఫోటో" అంది మాలో ఒకామె. మర్యాదగానే అంది. వాళ్లు జరిగారు. నేను ఏమీ అనలేదు. ఆ ఫోటోలో రెండో వరసలో, ఎడమ నుంచి నాలుగోదాన్ని నేనే.

ఉపన్యాసంలో అబద్ధమేమీ లేదు. పాలిస్టర్ పుట్టేది పెట్రోలియం నుంచే. అది మట్టిలో కలవదు. ఉతికినప్పుడల్లా కంటికి కనపడని పోగులు రాలి మురుగులోకి, అక్కణ్ణించి నదుల్లోకి, సముద్రంలోకి పోతాయి. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు 2016లో లెక్క కడితే, ఆరు కిలోల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి మెషీన్‌లో ఉతికితే ఏడు లక్షలకి పైగా పోగులు రాలతాయని తేలింది. పాలిస్టర్‌కి దాదాపు ఐదు లక్షలు. ఇవన్నీ తెలియాల్సినవే. నా గొడవ సమాచారంతో కాదు. ఆ సమాచారం చేతిలో పట్టుకుని మనం ఎవరిని మెట్లు దింపాం అన్నదానితో.

మర్నాడు సిగ్గుపడుతూ, ఇంట్లో ఉన్న ఒక నూలుచీర ఆమెకి ఇవ్వబోయాను. (ఎందుకు ఇవ్వబోయానో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలీదు. క్షమాపణ అడగడానికి బదులు ఏదో ఒకటి ఇవ్వడం మనకి సులువు.) ఆమె చీర మడత విప్పి చూసి మళ్లీ మడిచేసింది. "మంచిగుంది మేడం. కానీ దీన్ని ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసుకునే టైం నాకు యాడుంది? గిది రాత్రి పిండి ఆరేస్తే పొద్దుగాల్లకు ఆరిపోతది. నాకు డ్యూటీకి రెండే చీరలు." ఆ తర్వాత ఇంకోమాట అంది: "అయినా వేరేవాళ్లు కట్టిడిసిన చీర మా అమ్మ కట్టింది మేడం. నేను కట్ట."

ఆ రెండో మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. పర్యావరణం గురించి రాసేటప్పుడు మనందరికీ ఇష్టమైన ఒక జ్ఞాపకం ఉంది. అమ్మమ్మ చీర అమ్మ కట్టింది, అది చిరిగితే పరికిణీ అయింది, ఆపైన బొంత అయింది, చివరికి మసిగుడ్డ అయింది. ఏదీ వృథా పోలేదు. నిజమే. నేనూ ఆ బొంతల మీద పడుకునే పెరిగాను. కానీ ఈ కథలో ఒక మలుపు ఎప్పుడూ రాయం. కొన్ని చీరలు బొంత అవకుండా పెరటి గుమ్మం దాటేవి. బట్టలుతికే ఆమెకి, పాకీపని చేసే ఆమెకి, పొలంలో కూలి చేసే ఆమెకి. కూలి పెంచమంటే పాత చీర ఇచ్చేవాళ్లు. మనం ఇవాళ పునర్వినియోగం అని మెచ్చుకుంటున్న దానికి పల్లెలో ఒక కులం ఉండేది. సొంత డబ్బులతో బజార్లో కొన్న రెండొందల రూపాయల కొత్త పాలిస్టర్ చీర, ఆ గుమ్మం దగ్గర చెయ్యి చాచే పని నుంచి ఒక స్త్రీని తప్పించింది. ఈ మాట ఒప్పుకోకుండా, ఆమె చీర గురించి మాట్లాడే హక్కు మనకి లేదు.

ఇంతకీ ఆమెకి పాలిస్టర్ కట్టబెడుతున్నది ఆమె అభిరుచి మాత్రమేనా? 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. 2023 దాకా ఏటా దాదాపు కోటిమంది పేద స్త్రీల కోసం. మొదటి ఏడాది సరుకులో పెద్ద భాగం సూరత్ నుంచి వచ్చింది. నాసిరకం అంటూ కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు ఆ చీరల్ని రోడ్డు మీద వేసి తగలబెట్టారు. ఉచితంగా ఇచ్చినా వంకలేనా అని చేనేత చీరల్లో ఉన్నవాళ్లు అనడం నేను చెవులారా విన్నాను. ఆ తర్వాత ఆర్డర్లు సిరిసిల్ల మరమగ్గాలకి వెళ్లాయి. అప్పులతో, ఆత్మహత్యలతో కుంగిపోయిన ఊరికి పని దొరికింది. అది చిన్న విషయమని నేననను. కానీ నేయించింది పాలిస్టర్. తంగేడు, గునుగు పూలు చెరువులో కలిసిపోయే పండగకి, చెరువులో ఎన్నటికీ కలవని గుడ్డ. కోటి చీరలకి నూలు ఎంచుకునే అధికారం ఎవరి చేతుల్లో ఉందో వాళ్లకి ఉపన్యాసం చెప్పం. రెండు చీరలున్న మనిషిని పక్కకి జరగమంటాం.

సరే, మన నూలు సంగతి చూద్దాం. సహజమైనది, స్వచ్ఛమైనది అంటున్నాం. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఇవాళ దేశంలో పండే పత్తిలో అత్యధిక భాగం అదే. ఆ హైబ్రిడ్ విత్తనం ఎలా తయారవుతుంది? సాయంత్రం ప్రతి మొగ్గనీ విప్పి కేసరాలు గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున్నే ఇంకో మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. పువ్వు పువ్వుకీ, చేత్తోనే. మహబూబ్‌నగర్, కర్నూలు చేలల్లో ఈ పని బడి మాన్పించిన ఆడపిల్లల చేత చేయిస్తున్నారని 1990ల చివరినుంచీ పరిశోధకులు నమోదు చేస్తూ వచ్చారు. చిన్న వేళ్లు, తక్కువ కూలి, ఎదురుచెప్పని నోరు. అదయ్యాక పత్తి నూలవ్వాలి. తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో పెళ్లికాని అమ్మాయిల్ని మూడేళ్ల ఒప్పందం మీద హాస్టళ్లలో ఉంచి, చివర్లో కట్నానికి పనికొచ్చే మొత్తం ఇస్తామని చెప్పి పని చేయించుకున్న పద్ధతికి "సుమంగళి" అని పేరు. పితృస్వామ్యం తన పథకాలకి పేర్లు ఎంత చక్కగా పెట్టుకుంటుందో చూడండి. చేనేత మగ్గానికి వచ్చే చిలపనూలులో అత్యధిక భాగం మిల్లు నూలే. కాబట్టి నా ఒంటిమీది చీర ఏ పిల్ల వేళ్ల మీదుగా వచ్చిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

మగ్గం దగ్గర కూడా ఇదే కథ. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో దాదాపు 35 లక్షలమంది ఈ పనిలో ఉన్నారు. వాళ్లలో నూటికి డెబ్బైమందికి పైగా స్త్రీలు. కానీ మన తెలుగు ఊళ్లలో నేతగాడు అన్నాం గానీ, కండెలు చుట్టే ఆమెకి ఒక పేరైనా పెట్టామా? పోచంపల్లి చీరకి ఆసు పోయడమంటే మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు తిప్పడం, గంటల తరబడి ఒకే చెయ్యి ఎత్తి దించడం. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. సంతోషం. అయితే ఆ భుజాల నొప్పి అంతకు ముందు ఎన్ని తరాలపాటు ఆ చీరల ధరలోకి ఎక్కకుండానే పోయిందో ఆలోచించండి.

ఇంక నా బీరువా. ఈ వ్యాసం మొదలుపెట్టాక లెక్కపెట్టాను. అరవై మూడు చీరలు. అందులో నలభై చేనేతవి. గడిచిన ఏడాదిలో కట్టినవి పదకొండు. సెమినార్‌కి కట్టిన చీర ఇంకో సెమినార్‌కి కట్టలేను, ఫోటోల్లో ఉంది కాబట్టి. జయప్రభ "పైటను తగలెయ్యాలి" మీద పరీక్షలు రాసి, డాక్టరేట్లు చేసిన మనం, సభకో కొత్త పైట కొంటున్నాం. చేనేత కాబట్టి తప్పు కాదనుకుంటున్నాం. నలభై చీరలకి పెట్టిన పత్తి, నీరు, రంగు, ఆసు పోసిన భుజాలు నా బీరువాలో కలరా ఉండల వాసన పీలుస్తూ పడున్నాయి. రెండు చీరలతో ఏళ్లు గడిపే ఆమెకంటే భూమికి నేను చేసిన మేలేమిటి?

మనం కొనకపోతే నేతవాళ్లు ఎలా బతుకుతారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు నా బీరువాలో దొరకదు. చేనేతకి 22 రకాల్ని ప్రత్యేకించిన 1985 చట్టాన్ని ఆ తర్వాత 11 రకాలకి కుదించినప్పుడు మనం ఎక్కడున్నాం? పోచంపల్లి డిజైన్‌ని మిల్లు గుడ్డ మీద అచ్చేసి అమ్ముతుంటే ఎవరం అడిగాం? 2020లో, సరిగ్గా చేనేత దినానికి కొద్దిరోజుల ముందే, అఖిల భారత చేనేత బోర్డుని రద్దు చేశారు. ఆ ఆగస్టు 7న కూడా మనం చీరల ఫోటోలు పెట్టుకున్నాం. స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి దుప్పట్లు, పంపిణీ చీరలు ప్రభుత్వం ఏటా కొంటూనే ఉంటుంది. అవి ఏ నూలుతో, ఏ మగ్గం మీద, ఏ కూలికి నేయించాలన్నది మనం గొంతెత్తాల్సిన విషయం. రిబేటు రోజుల కోసం కాచుకుని పది చీరలు కొనేకంటే, పూర్తి ధర పెట్టి ఒకటి కొని, దాన్ని పదేళ్లు కట్టడం నేను చెయ్యగలిగిన పని. కట్టిన చీరే మళ్లీ కట్టుకుని సభకి వెళ్లడం ఇంకోటి. చెప్పినంత తేలిక కాదని పోయిన నెలే తెలిసింది. "అదే చీరా!" అని ఇద్దరు అన్నారు. ఇద్దరూ నా స్నేహితులే. గంజీ ఇస్త్రీల పని ఇంట్లో మగవాళ్లకి కూడా రావాలని కూడా అంటాను. నూలు కట్టమని ఇంకో స్త్రీకి చెప్పే ముందు ఆ చాకిరీ ఎవరు చేస్తారో చెప్పాలి కదా.

ఈ ఏడాది సర్క్యులర్ మొన్న వచ్చింది. చీరల గురించిన వాక్యం తీసెయ్యమని, ఫోటోలో ఎవరు ఏ బట్టల్లో ఉన్నా నిలబడొచ్చని రాయమని, ఆ రోజు కుర్చీలు మేమే వేసుకుంటామని జవాబు రాసి పంపాను. మా విభాగంలో ఇంకో ఇద్దరు సంతకం పెట్టారు. ఫోటో అప్పుడు పక్కకి జరగమన్నామె కూడా పెట్టింది. టీ ఇచ్చే ఆమెకి ఈ సంగతి చెబితే, "ఫోటోదేముంది గానీ మేడం, మాకు మూడు నెల్ల జీతం రాలే, దాని మీద కూడా సంతకాలు పెడ్తరా?" అంది. రెండో కాగితం రాస్తున్నాం.